పక్కకు జరగని పేజీ

మా సత్సంగం శనివారం పొద్దున ఆరున్నరకు మొదలవుతుంది. పంజాగుట్టలో ఒక అపార్ట్‌మెంట్ కింది అంతస్తులో హాలు మాకిచ్చారు. రెండు జంబుఖానాలు, గోడకు ఆనించిన స్వామి పటం, ఇత్తడి కుందిలో దీపం. నలభై మందిమి కూర్చుని నూట ఎనిమిది శ్లోకాల స్తోత్రాన్ని మొదటి నుంచి చివరిదాకా పారాయణ చేస్తాం. తర్వాత దొన్నెలో పులిహోర. ఎనిమిదింటికల్లా ఎవరి పనికి వాళ్లం పోతాం. నాకు శనివారం కూడా ఆఫీసే. మెట్రో స్తంభాల నీడన నడుచుకుంటూ అమీర్‌పేట చేరతాను.

అక్కడ నేను చేసేది వెబ్‌సైట్ల పని. పేజీ ఎంత వెడల్పు ఉండాలి, ఫోన్‌లో ఎలా ముడుచుకోవాలి, పెద్ద మానిటర్ మీద ఎక్కడ ఆగాలి, బ్రౌజర్ విండో అంచు పట్టుకుని లాగితే లోపల ఉన్నవి ఎలా సర్దుకోవాలి. పద్నాలుగేళ్లుగా ఇదే పని. దీన్ని నేను చిన్న పని అనుకోలేదు. చదివేవాళ్ల కళ్ల ముందు మాటను సరిగ్గా నిలబెట్టడం కూడా సేవే అని నా నమ్మకం. ఆ నమ్మకం నాకు సత్సంగంలోనే వచ్చింది.

కొన్నేళ్ల క్రితం మా పారాయణ పుస్తకాలు అట్టలూడిపోయి, పేజీలు జారిపోవడం మొదలైనప్పుడు, స్తోత్రం మొత్తం టైపు చేసి ఒక వెబ్ పేజీగా పెట్టింది నేనే. అప్పుడు నా ముందు ఆఫీసు మానిటర్ ఉంది. దానికి సరిపోయేలా పేజీకి వెయ్యి పిక్సెల్‌ల వెడల్పు ఇచ్చి, అక్కడితో గట్టిగా బిగించేశాను. ఒక్కో శ్లోకం రెండు వరుసలు. వరుస చివర నిలువు గీత. చూడటానికి పుస్తకంలాగే ఉండేది. కొందరు ట్యాబ్‌లో, కొందరు ఫోన్ అడ్డంగా తిప్పుకుని చదివేవాళ్లు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి బాగుందనే అనుకున్నాను.

మా పారాయణకు ముందుండి చదివేది టీచరమ్మ గారు. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. కాకినాడ వైపు నుంచి పెళ్లయి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డారు. ఆమె ఒక చరణం అంటే మేం రెండో చరణం అందుకోవాలి. ఆమెకు రెండు నియమాలు. ఒకటి, ఊపిరి వరుస చివరే తీసుకోవాలి, మధ్యలో తీసుకోకూడదు. రెండు, ఎంత నోటికి వచ్చినా సరే, అక్షరం చూసే చదవాలి.

"నోటికొచ్చిందని పుస్తకం మూసేసినవాడు మూడో వారానికి ఒక నామం మింగేస్తాడు. మింగినట్టు వాడికి తెలియదు కూడాను," అనేవారు.

ఈ రెండో నియమమే ఆమె మీదికి వచ్చింది.

ఆమెకు చూపు తగ్గుతోందని మాకందరికీ తెలుసు. మాసబ్ ట్యాంక్ దగ్గర కళ్ల డాక్టరు, ఇక అద్దాలు మార్చి లాభం లేదు, అక్షరం పెద్దది చేసుకుని చదువుకోండి అన్నాడట. ఆ శనివారం నేను ఆమె పక్కనే కూర్చున్నాను కాబట్టి చూశాను. నేను పెట్టిన పేజీని ఆమె రెండు వేళ్లతో పెద్దది చేస్తున్నారు. అక్షరం పెద్దదవగానే వరుసలో సగం తెర దాటి కుడి పక్కకు పోతోంది. సగం చదివి, పేజీని ఎడమకు లాగి మిగతా సగం చదివి, మళ్లీ కుడికి లాగి కింది వరుస వెతుక్కుంటున్నారు. ప్రతి వరుసకూ ఇదే. ముప్పై ఒకటో శ్లోకం దగ్గర ఆమె వరుస తప్పారు. కింది శ్లోకం రెండో సగం అనేశారు. వెనక ఉన్నవాళ్లు తడబడ్డారు. ఆమె ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకున్నారు.

పులిహోర తింటున్నప్పుడు ఆమె మామూలుగా, బస్సు టైము చెప్పినట్టు చెప్పారు.

"వచ్చే ఏకాదశికి ఒకసారి చూస్తాను. చదవగలిగితే సరే. లేకపోతే ముందు ఇంకెవరైనా కూర్చోండి. నేను వెనక గోడకానుకుని వింటాను."

"నోటికి వచ్చు కదండీ మీకు మొత్తం," అన్నాను.

"నలభై మందికి పెట్టిన నియమం నాకు లేదా?"

ఆమె వెనక గోడ దగ్గరికి పోతే, నాలుగు వారాల్లో రావడమే మానేస్తారని నాకు తెలుసు. వినడానికి వచ్చే మనిషి కాదు ఆమె. ఏకాదశి గురువారం. నా చేతిలో పన్నెండు రోజులున్నాయి. తప్పు పేజీది. పేజీ నాది. కాబట్టి నాకు దిగులు కలగలేదు. పని కనిపించింది, అంతే.

ఆఫీసులో మధ్యాహ్నం డబ్బా తిన్నాక మొదలుపెట్టాను. రెండు మార్పులు చాలని చూడగానే తెలిసింది. ఒకటి, ఫోన్‌కు నీ తెర ఎంత వెడల్పో అంతే పేజీ అనుకో అని చెప్పే ఒక వరుస పేజీ కోడ్ పై భాగంలో రాయాలి. అది లేకపోతే ఫోన్ తనను తాను పెద్ద మానిటర్ అనుకుని పేజీ మొత్తాన్ని చీమలబారంత చేస్తుంది. రెండు, వెయ్యి పిక్సెల్‌ల బిగింపు తీసేయాలి. అప్పుడు వరుస తెర అంచు దాకా వెళ్లి, మిగిలింది కిందికి మడుచుకుంటుంది. ఫోన్ సెట్టింగ్‌లో అక్షరం ఎంత పెద్దది చేసినా పక్కకు పోదు.

మా టీమ్ లీడర్ చాయ్ గ్లాసుతో వచ్చి నా వెనక నిలబడ్డాడు. కరీంనగర్ మనిషి, మాట సూటిగా ఉంటుంది.

"ఏంది, పక్కకు పోతున్నదా? అంచు దాటింది దాచెయ్యరాదా? ఒక్క మాట రాస్తే ఐపోతది."

"దాచితే నామాలు కనబడవన్నా."

"యాడ్ బ్యానర్లకు దాచినవ్ గద."

"బ్యానర్ లోపల దేవుడు లేడు."

నవ్వి వెళ్లిపోయాడు. నేను బ్రౌజర్ విండో అంచు పట్టుకుని లోపలికి లాగి చూశాను. వరుసలు ఒక్కొక్కటీ మడతపడుతూ ఒదిగాయి. ఫోన్ అంత సన్నగా చేశాను. ఒక్క అక్షరం బయటకు పోలేదు. ఆ సాయంత్రమే సత్సంగం గ్రూపులో మెసేజ్ పెట్టాను: పేజీ బాగుచేశాను, ఇక ఫోన్ సెట్టింగ్‌లో అక్షరాలు ఎంతైనా పెంచుకోండి, పక్కకు లాగక్కర్లేదు. దండం బొమ్మలు చాలా వచ్చాయి.

తర్వాతి శనివారం అందరూ ఫోన్లు నిటారుగా పట్టుకుని కూర్చున్నారు. టీచరమ్మ గారు మొదటి చరణం అన్నారు. మేం అందుకున్నాం. మూడో శ్లోకానికి ఏదో తేడాగా వినిపించింది. ఏడో శ్లోకానికి నా చెవులకే సిగ్గు వేసింది. ముందు వరుసలో ఒకరు రెండు మాటలకే ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. పక్కనావిడ నాలుగు మాటలకు ఆగుతోంది. కిటికీ పక్కనున్నాయన ఫోన్ ఇంకా అడ్డంగానే పట్టుకున్నాడేమో, ఒక్కడే చరణం చివరిదాకా సాఫీగా వెళ్లి, మిగతావాళ్లు ఎక్కడున్నారా అని తలెత్తి చూస్తున్నాడు. నలభై గొంతులు నలభై చోట్ల తెగుతున్నాయి.

అప్పుడర్థమైంది నాకు. వరుస చివరే ఊపిరి తీసుకోవాలని ఆమె మాకు ఏళ్ల తరబడి నేర్పారు. నేను వరుస చివరను ఒక్కో ఫోన్‌లో ఒక్కో చోట పెట్టాను. ఒకరిది చిన్న ఫోన్, ఒకరు అక్షరాలు పెద్దవి చేసుకున్నారు. ఎవరి తెర అంచు వాళ్లది. నేర్పిన నియమాన్ని అందరూ నిష్ఠగా పాటిస్తున్నారు. పాటిస్తున్నందుకే పారాయణ చీలిపోతోంది.

పంతొమ్మిదో శ్లోకం దగ్గర టీచరమ్మ గారు ఆపేశారు. ఫోన్ బోర్లా ఒళ్లో పెట్టుకున్నారు. మెల్లగా అందరూ ఆగిపోయారు.

ముందు నోరు తెరిచింది మా కండక్టర్ అన్న. ఆర్టీసీలో చేసి రిటైరైన మనిషి, ఎర్రమంజిల్ దగ్గర ఉంటాడు. సత్సంగంలో అందరికంటే గొంతు పెద్దది.

"చెల్లె, నీ పేజీ మస్తుగున్నది గని, ఒక్కొక్కలు ఒక్కో స్టాపుల దిగుతున్రు. బండి ఎట్ల పోవాలె?"

కొందరు నవ్వారు. నేనూ నవ్వాను.

"నా ఫోన్ల సుత చూడు," అని తెర నా వైపు తిప్పాడు. "అక్షరాలు గుమ్మడికాయలంత పెట్టుకున్న. రెండు మాటలకే వరుస ఐపాయె. ఊపిరి తీసుకుంటనే ఉన్న. జర సేపైతే గాల్లకు లేస్తుంటి."

"అన్నా, వరుస ఐపోయినా ఊపిరి తీసుకోకుండ పోవచ్చు గదా."

"గట్లెట్ల? టీచరమ్మ ఊకుంటదా?"

టీచరమ్మ గారు అప్పుడు మాట్లాడారు. నా వైపు చూడలేదు. చూపు తగ్గాక ఆమె ముఖాల వైపు కాకుండా గొంతుల వైపు తిరుగుతున్నారు.

"వాళ్లనెందుకు అంటావమ్మాయ్? పదకొండో శ్లోకంలో నువ్వు కూడా మధ్యలో ఆగావు. విన్నాను."

నిజమే. చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన స్తోత్రంలో, మాట మధ్యలో ఆగాను. కళ్లు ఆగిన చోట ఊపిరి ఆగింది.

మిగతా శ్లోకాలు పాత పుస్తకాలు నాలుగు దొరికితే, ఒక్కో పుస్తకం చుట్టూ పదిమంది చేరి ముగించారు. టీచరమ్మ గారు ముందు కూర్చునే ఉన్నారు కానీ పెదవి కదపలేదు. ఆమె కోసం మొదలుపెట్టిన పనితో ఆమె నోరు కట్టేశాను. వెళ్లేముందు నా భుజం మీద చేయి వేసి, "బాధపడకు. వయసు వచ్చింది నా కళ్లకి, నీ పేజీకి కాదు," అన్నారు. ఓదార్పులాగే ఉంది కానీ వెనక గోడ వైపు సగం దూరం నడిచిన మనిషి మాట అది.

ఆ రోజు ఆఫీసుకు నడుస్తూ ఉండగా నాకు చిన్నప్పటి ఒక సంగతి గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చింది అనడం కంటే స్వామి గుర్తుచేశాడు అనడమే నాకు నిజం. మా అమ్మానాన్నలు నల్గొండ వైపు నుంచి కూలిపనికి ఈ ఊరొచ్చి యూసుఫ్‌గూడలో ఒక గదిలో ఉండేవాళ్లు. మా వీధి భజన మందిరంలో సాయంత్రాలు పిల్లలకు శ్లోకాలు నేర్పే పంతులుగారు ఒకసారి తాటాకుల కట్ట తెచ్చి చూపించారు. సన్నటి ఆకు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా అక్షరాలు. మాట సగంలో ఉండగా ఆకు అయిపోతే, మిగతా సగం కింది వరుసలో. శ్లోకం ఎక్కడ అయిపోతుందని నేనడిగాను. ఆయన గోటితో ఒక చిన్న నిలువు గీత చూపించి, "ఆకు అంచు చూసి ఆగితే ఆకుని చదివినట్టు. గీత చూసి ఆగితే శ్లోకాన్ని చదివినట్టు," అన్నారు.

నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే నిలబడిపోయాను. నా వెనక వస్తున్నాయన విసుక్కుంటూ పక్కనుంచి వెళ్లాడు. పెద్దవాళ్లు ఎన్ని తరాలుగా మడతపడిన వరుసల్లో చదివారో. వాళ్లకు ఇబ్బంది లేదు, ఎందుకంటే ఊపిరి గుర్తు వేరుగా ఉండేది. అచ్చు పుస్తకం వచ్చాక వరుస చివర, ఊపిరి చివర ఒకే చోట పడ్డాయి. మేం గీతను చూడటం మరిచిపోయి అంచును చూడటం అలవాటు చేసుకున్నాం. ఇప్పుడు ఫోన్ మళ్లీ తాటాకు అయింది. అయితే నేను గీతను మళ్లీ పెద్దది చేయాలి.

ఆదివారం పొద్దున్నే ల్యాప్‌టాప్ తీసుకుని టీచరమ్మ గారింటికి వెళ్లాను. ఆమె తలుపు తీసి, "కాఫీకా, పేజీకా?" అన్నారు.

"రెండింటికీ. మీ ఫోన్ ఇటివ్వండి."

నేను చేసిన అసలు తప్పు ఆమె ఫోన్ చేతిలోకి తీసుకోగానే తెలిసింది. ఆఫీసులో విండో అంచు లాగి సన్నగా చేసి చూశాను. అక్షరాల సైజు మాత్రం నాకు నచ్చినంతే ఉంచాను. ఆమె ఫోన్‌లో అక్షరాల సెట్టింగ్ చివరిదాకా జరిపి ఉంది. ఒక్కో అక్షరం నా బొటనవేలి గోరంత. వరుసకు ఒకటిన్నర మాట. నేను పేజీని బాగుచేసింది ఎవరికో, ఆమెకు మాత్రం కాదు.

పదకొండు గంటల దాకా కూర్చున్నాం. నేను చేసింది ఇది. చరణం చివర నిలువు గీతను కుంకుమ రంగులో, అక్షరం కంటే పొడుగ్గా పెట్టాను. మడతపడిన వరుస ప్రతిదీ కొంచెం లోపలికి జరిగి మొదలయ్యేలా చేశాను. లోపలికి జరిగి ఉంటే పై మాటే సాగుతోందని అర్థం. అంచు నుంచి మొదలైతే కొత్త చరణం. మాట మధ్యలో విరగకుండా కట్టేశాను. ఇంత చేసి ఆమె ఫోన్‌లో తెరిస్తే, పేజీ మళ్లీ పక్కకు జరిగింది.

"ఇదేంటి, వెధవ బుద్ధి మానలేదు," అన్నారామె.

వెతికితే దొరికింది. నలభై నాలుగో శ్లోకంలో పదిహేడు అక్షరాల పొడుగు మాట ఒకటుంది. విరగొద్దని నేను కట్టేశాను కాబట్టి అది తెర దాటి నిలబడింది. అదొక్కటే మొత్తం పేజీని తనతో పాటు బయటకు లాగుతోంది. అలాంటివి ఇంకా ఆరు ఉన్నాయి. వాటిని ఫోన్ ఇష్టానికి వదిలేస్తే ఎక్కడ పడితే అక్కడ తెగుతాయి. ఎక్కడ తెంపొచ్చో నాకు తెలియదు.

"చదవండి," అన్నాను. "నేను వింటాను. మీ గొంతు ఎక్కడ కాస్త నెమ్మదిస్తే అక్కడ విరుపు పెడతాను."

ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టి కళ్లు మూసుకున్నారు. తర్వాత గుర్తొచ్చినట్టు కళ్లు తెరిచి, "చూడకుండా చెప్తున్నాను. ఇది పారాయణ కాదు, పాఠం," అన్నారు. ఏడు మాటలూ చెప్పారు. ఒక్కోటి రెండుసార్లు. నేను ఆపమంటే ఆపారు. ఒకచోట నేను తొందరపడి విరుపు పెడితే, "అక్కడ కోస్తే స్వామికి చేయి ఒకచోట, శంఖం ఒకచోట పడతాయి. ఇంకో అక్షరం ముందుకి," అన్నారు. బడిలో ఆమె దగ్గర చదువుకోలేదన్న లోటు నాకు ఆ పొద్దున తీరింది.

చివరికి ఆమె ఫోన్ ఆమెకే ఇచ్చి, ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. ఆమె మొదటి పది శ్లోకాలు చదివారు. మొదటి నాలుగింట్లో వరుస చివర అలవాటుగా ఆగబోయి సర్దుకున్నారు. ఐదో దాని నుంచి ఎర్ర గీత కోసం చూడటం మొదలైంది.

"మిగతావాళ్లకి ఎవరు చెప్తారు ఇది?" అన్నారు.

"మీరే చెప్పాలి. నేను చెప్తే కండక్టర్ అన్న వినడు."

గురువారం ఏకాదశి. ఆఫీసులో మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పాను. హాలు నిండింది. మామూలు రోజుల్లో రానివాళ్లు కూడా వచ్చారు. టీచరమ్మ గారు ముందు కూర్చుని, దీపం వెలిగించాక, తన నియమాన్ని తానే మార్చి చెప్పారు.

"ఇన్నాళ్లూ వరుస చివర ఊపిరి అన్నాను. అది పుస్తకానికి సరిపోయే మాట. ఇప్పట్నుంచి ఎర్ర గీత దగ్గర ఊపిరి. వరుస ఎక్కడ అయిపోతే నాకేం, మీకేం. గీత వచ్చేదాకా గొంతు తెగకూడదు."

"గీత రాకముందే దమ్ము ఐపోతే?" అన్నాడు కండక్టర్ అన్న.

"బస్సులో అరిచినన్నాళ్లూ అయిపోలేదు కదండీ మీకు. ఇప్పుడూ అవ్వదు."

ఆయనతో సహా హాలంతా నవ్వింది. ఆమె మొదటి చరణం అందుకున్నారు.

నేను పక్కనే ఉన్నాను. నాకు పారాయణ మీద ఉండాల్సిన దృష్టి సగం ఆమె బొటనవేలి మీదే ఉంది. ఆ తప్పు స్వామి క్షమిస్తాడు. మొదటి పది శ్లోకాల్లో అక్కడక్కడా ఒకరిద్దరు పాత అలవాటు కొద్దీ ఆగారు. పదిహేనుకు అది పోయింది. ముప్పై ఒకటో శ్లోకం వచ్చింది. పాత పేజీలో ఆమె వరుస తప్పిన చోటు. దాటారు. నలభై నాలుగులో ఆ పొడుగు మాట ఆమె చెప్పిన చోటే మడతపడి కిందికి దిగింది. ఆమె గొంతు దాని మీదుగా తెగకుండా వెళ్లింది, వెనక అందరి గొంతులూ ఒకే తాడులా వెళ్లాయి. ఆమె వేలు పైకి జరుగుతూనే ఉంది. నూట ఎనిమిది శ్లోకాలు అయ్యేదాకా పక్కకు ఒక్కసారి కూడా జరగలేదు.

మంగళహారతి అయ్యాక ఏకాదశి కాబట్టి పులిహోర లేదు, అరటిపండ్లు పంచారు. నేను ఆమె దగ్గరికి వెళ్లాను. ఏదో ఒక మంచి మాట వస్తుందనే ఆశ నాకుంది, దాచను.

ఆమె అరటిపండు తొక్క తీస్తూ అన్నారు. "ఎనభై రెండో శ్లోకంలో మొదటి చరణం చివర గీత పెట్టలేదు నువ్వు. నేను ఆగాను, వెనక సగం మంది అందుకోలేదు. వినలేదా?"

"వినలేదండీ."

"నా వేలు చూస్తూ కూర్చుంటే ఏం వినిపిస్తుంది? శనివారం నేను మళ్లీ ముందు కూర్చునేలోగా దిద్దు."

మెట్రో స్తంభాల కింద నడుస్తూనే ఫోన్‌లో తెరిచి చూశాను. నిజంగానే గీత లేదు. అమీర్‌పేట చేరి, బ్యాగు కుర్చీకి తగిలించక ముందే, ఆఫీసు పని ఏదీ ముట్టక ముందే, ఆ ఒక్క గీత పెట్టాను.